బస్తాకొక చీటి
(పట్టికలోని వరుసలను సంఖ్యనుబట్టి మరల మరల వ్రాయు విధానము)

విద్యార్థులారా!

మన కొత్తపట్నము ఒంగోలునకు తూర్పున సముద్రపుటొడ్డున నున్నది. ఇచ్చట ఇసుకనేలలు, సరుగుడుతోటలు, వలలు, పడవలు ప్రధానములు. పడమటికి కొంతదూరము పోయినచో నల్లరేగడి భూములు కానవచ్చును. అచ్చట ప్రత్తియు, మిరపయు, పొగాకును పండును. సంక్రాంతి దాటినది మొదలు మిరపకాయల బస్తాలతో నిండిన లారీలు గుంటూరు మార్కెట్టు యార్డునకు పోవుచుండును. ఆ బస్తాలను అచ్చటివారు టిక్కీలందురు.

సరకు దిగినప్పుడు గుమస్తా ఒక రైతునకు ఒక పంక్తి చొప్పున వ్రాసికొనును: "తేజరకము, బస్తాలు మూడు." ఇది లెక్కకు చాలును. కాని ప్రతి బస్తాకును ఒక చీటి కట్టవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క పంక్తి మూడు పంక్తులు కావలెను. చేతితో వ్రాయు గుమస్తాకు ఇది సమస్యయే కాదు. మూడు అని చూచును, మూడుమారులు వ్రాయును. కంప్యూటరునకో, "మూడు" అనునది పట్టికలోని యొక గడిలో నున్న అంకె మాత్రమే. ఆ అంకె తన వరుసను మూడుమారులు వ్రాయుమని చెప్పు ఆజ్ఞగా ఎట్లు మారును? ఈ పాఠమున విచారింపబోవునది ఇదియే. చూచుటకు ఇది స్వల్పవిషయము. పొరపాటు చేసినచో ఒకరి బస్తాకు చీటి లేకపోవును, ఒక్కొక్కప్పుడు ఒకరి యింట అన్నమే లేకపోవును. అట్టి యొక సందర్భమును ముందు చెప్పెదను.

1. పట్టిక యననేమి?

సమాచారమును పట్టికల రూపమున నిలువచేయు పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసినవాడు ఎడ్గార్ కాడ్. ఆయన ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచు 1970లో ఒక వ్యాసమును ప్రకటించెను. పట్టికను గణితశాస్త్రములోని సమితివలె భావింపవలెనని ఆయన మతము. సమితిలో ఒకే వస్తువు రెండుమారులు ఉండదు. కావున ఒకే విధమగు రెండు వరుసలు పట్టికలో నుండరాదు. 1974లో అదే సంస్థలోని ఛాంబర్లిన్, బాయిస్ అనువారలు ఈ పట్టికలను ప్రశ్నించుటకు ఒక భాషను కల్పించిరి. అదియే నేడు ఎస్.క్యూ.ఎల్. అని పిలువబడుచున్నది. దానితో మనము వేయు ప్రశ్నకు క్వెరీ యని పేరు.

కాడ్ చెప్పిన నియమమునుండి మనకు మొదటి పాఠము లభించుచున్నది. "తేజ, 3" అను వరుసను ఉన్నదున్నట్లు మూడుమారులు దింపినచో అవి మూడును ఒకదానినుండి మరియొకటి వేరుచేయ వీలులేనివగును. రెండవ బస్తా తడిసినదని ఎట్లు వ్రాయగలము? రెండవది ఏది? కాబట్టి వరుసను మరల వ్రాయునప్పుడెల్ల దానికొక క్రమసంఖ్యను చేర్చవలెను.

ఇది కంప్యూటర్లతో వచ్చిన క్రొత్త ఆలోచన కాదు. 1925వ సంవత్సరపు కాటన్ జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టము, ప్రెస్సులో కట్టిన ప్రతి బేలుమీదను ఆ ఫ్యాక్టరీ గుర్తును, బేలు క్రమసంఖ్యను వేయవలెనని విధించెను. బేలులో కల్తీ బయటపడినచో అది ఏ ప్రెస్సులో కట్టబడినదో, ఎన్నవ బేలో తెలియవలెను గదా! "ఇరువదినాలుగు బేళ్లు" అను ఒక్క మాట ఇరువదినాలుగు సంఖ్యలుగా విడిపోయిన చోటనే బాధ్యత మొదలగును.

2. మన ఉదాహరణము

ఈ దిగువ పట్టికకు "సరకు" అని పేరు పెట్టుదము.

లాటు 1 : తేజ : బస్తాలు 3
లాటు 2 : సన్నము : బస్తాలు 1
లాటు 3 : బాడిగ : బస్తాలు 4
లాటు 4 : తేజ : బస్తాలు 0
లాటు 5 : సన్నము : బస్తాలు 2

నాలుగవ లాటు రైతు పేరు నమోదుచేయించుకొనెను గాని సరకు ఇంకను రాలేదు. బస్తాల మొత్తము 3 + 1 + 4 + 0 + 2 = 10. కావున మనకు సరిగా పది చీటీలు రావలెను. ఈ పదిని జ్ఞాపకముంచుకొనుడు.

3. మొదటి మార్గము: సంఖ్యల పట్టిక

1, 2, 3, 4 అను నాలుగు సంఖ్యలు మాత్రమే గల మరియొక పట్టికను చేయుదము. దీనికి "సంఖ్యలు" అని పేరు. ఇప్పుడు సరకు పట్టికలోని ప్రతి వరుసను సంఖ్యల పట్టికలోని ప్రతి వరుసతో జతకూర్చినచో 5 × 4 = 20 జతలు వచ్చును. దీనిని కార్టీసియను గుణకారమందురు. ఫ్రెంచి తత్త్వవేత్తయు గణితజ్ఞుడునగు డెకార్టు పేరున ఈ పేరు వచ్చినది.

ఈ ఇరువది జతలలో మనకు అన్నియు అక్కరలేదు. సంఖ్య బస్తాల లెక్కకు మించని జతలను మాత్రము నిలుపుకొని తక్కినవానిని త్రోసివేయవలెను. ఒకటవ లాటునకు 1, 2, 3 నిలుచును, 4 పోవును. రెండవదానికి 1 మాత్రమే నిలుచును. మూడవదానికి నాలుగును నిలుచును. నాలుగవదానికి బస్తాలు సున్న. 1 సైతము సున్నకు మించినదే గనుక ఏదియు నిలువదు. అయిదవదానికి 1, 2 నిలుచును. మొత్తము పది. మనము ఎదురుచూచిన లెక్కయే.

క్వెరీభాషలోని మాటలను మన అక్షరములలో వ్రాసినచో అది ఇట్లుండును:

సెలెక్టు లాటు, రకము, సంఖ్య
ఫ్రమ్ సరకు జాయిన్ సంఖ్యలు
ఆన్ సంఖ్య బస్తాలకు మించకుండుట.

సాధారణముగా రెండు పట్టికలను జతకూర్చునప్పుడు "ఇది దానితో సమానమైనచో" అను షరతు పెట్టుదుము. ఇచ్చట సమానత్వమునకు బదులు "మించకుండుట" అను షరతు పెట్టితిమి. ఈ విధానమునకు కీలకమంతయు ఇంతమాత్రమే. మరియు జతలోని సంఖ్యయే బస్తా క్రమసంఖ్యగా అమరినది. దానికై వేరుగ శ్రమపడ నక్కరలేదు. "లాటు 3, బస్తా 2" అని చీటిమీద వ్రాసినచో లోకములో ఆ బస్తా ఒక్కటియే.

4. సంఖ్యల పట్టికను పుట్టించుట

వేయి బస్తాల లాటు వచ్చినచో వేయి సంఖ్యల పట్టిక కావలెను. వేయి వరుసలు కూర్చుండి వ్రాయవలెనా? అక్కరలేదు. మీరు రెండవ తరగతిలో నేర్చిన స్థానవిలువలే ఇచ్చట ఉపకరించును. 0 మొదలు 9 వరకు పది అంకెలు గల చిన్న పట్టికను తీసికొనుడు. దానిని దానితోనే మూడుమారులు జతకూర్చినచో 10 × 10 × 10 = 1000 జతలు వచ్చును. మొదటి అంకెను నూరులుగా, రెండవదానిని పదులుగా, మూడవదానిని ఒకట్లుగా భావించి కూడినచో 0 మొదలు 999 వరకు ప్రతి సంఖ్యయు సరిగా ఒక్కమారు వచ్చును. ఒకటి కలిపినచో 1 మొదలు 1000 వరకు వచ్చును. నాలుగుమారులు జతకూర్చినచో పదివేలు. పది వరుసలనుండి పదివేల వరుసలు! ఒక్కొక్క స్థానము పెరిగిన కొలది సంఖ్య పదిరెట్లగునని బడిలో చెప్పుకొనిన మాటయే ఇచ్చట పనిచేయుచున్నది.

5. రెండవ మార్గము: ఒకటి చేర్చుకొనుచు పోవుట

ఎస్.క్యూ.ఎల్. భాషకు 1999లో ఏర్పడిన ప్రమాణములో, ఒక క్వెరీ తన ఫలితమును తానే మరల ఉపయోగించుకొను వెసులుబాటు కలిగినది. దీనిని పునరావృత్త క్వెరీ యనవచ్చును. దీని నడక మెట్లెక్కుటవంటిది.

మొదటి మెట్టు: బస్తాలు కనీసము ఒకటి యున్న ప్రతి లాటును తీసికొని దానికి క్రమసంఖ్య 1 ఇమ్ము.
తరువాతి మెట్టు: ఇంతకుముందు వచ్చిన వరుసలలో క్రమసంఖ్య బస్తాలకంటె తక్కువైనవానిని మాత్రము తీసికొని క్రమసంఖ్యకు ఒకటి కలిపి క్రొత్తవరుసగా చేర్చుము.
క్రొత్తవరుస ఏదియు రానప్పుడు ఆగుము.

మన పట్టికలో మొదటి మెట్టున నాలుగు వరుసలు వచ్చును (1, 2, 3, 5 లాట్లు). రెండవ మెట్టున మూడు (1, 3, 5 లాట్లు). మూడవ మెట్టున రెండు (1, 3 లాట్లు). నాలుగవ మెట్టున ఒకటి (లాటు 3). 4 + 3 + 2 + 1 = 10. లెక్క సరిపోయినది.

ఇచ్చట రెండు జాగ్రత్తలు వలయును. మొదటి మెట్టున "కనీసము ఒకటి యున్న" అను షరతును మరచినచో, సున్న బస్తాల నాలుగవ లాటునకు సైతము ఒక చీటి పుట్టును. రాని సరకునకు చీటి! ఆగవలసిన షరతును మరచినచో మెట్లకు అంతమే యుండదు. అందుచేతనే కొన్ని డేటాబేసులు తమంతట తాము ఒక హద్దు పెట్టుకొనినవి. ప్రత్యేకముగా మార్చకున్నచో ఎస్.క్యూ.ఎల్. సర్వరు 100 ఆవృత్తులు దాటగానే, మైఎస్.క్యూ.ఎల్. 1000 దాటగానే తప్పు చూపి ఆగిపోవును.

6. మూడవ మార్గము: సిద్ధముగా నున్న సాధనము

పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసులో జనరేట్ సిరీస్ అను సాధనము కలదు. "ఒకటి మొదలు బస్తాల వరకు" అని చెప్పినచో ప్రతి లాటునకును కావలసినన్ని సంఖ్యలను అదియే పుట్టించి యిచ్చును. బస్తాలు సున్నయైనచో ఏమియు ఇయ్యదు. ఇది అన్నిటికంటె సులభమైన మార్గము.

ఎస్.క్యూ.ఎల్. సర్వరులోను 2022 కూర్పునుండి అదే పేరుగల సాధనము వచ్చినది. పేరు ఒకటే యైనను స్వభావము ఒకటి కాదు. మొదలు అంకెకంటె చివరి అంకె చిన్నదైనచో, అడుగు ఎంతయో మనము చెప్పకున్నప్పుడు, అది వెనుకకు నడచును. "ఒకటి మొదలు సున్న వరకు" అన్నచో 1, 0 అని రెండు సంఖ్యలను ఇచ్చును! అనగా రాని సరకునకు రెండు చీటీలు. అడుగు 1 అని స్పష్టముగా చెప్పినచో ఈ దోషము కలుగదు. ఒక ఊరి కొలపాత్ర మరియొక ఊరి కొలపాత్రకు పేరున సమానమైనను పరిమాణమున సమానము కాకపోవచ్చును; కొలిచి చూచినగాని నమ్మరాదు.

7. సున్నయు, ఖాళీగడియు

సున్న వేరు, ఖాళీ వేరు. నాలుగవ లాటులో సున్న యున్నది. సరకు రాలేదని మనకు తెలియును. ఒక గడిలో ఏమియు వ్రాయకున్నచో, బస్తాలెన్నియో తెలియదని అర్థము. "ఒకటి తెలియనిదానికి మించినదా?" అని అడిగినచో డేటాబేసు అవుననదు, కాదనదు, తెలియదనును. జతలో నిలుచుటకు "అవును" అను సమాధానమే వలయును గనుక ఆ వరుస నిశ్శబ్దముగా పోవును. సున్న పోవుట న్యాయము. ఖాళీ పోవుట మాత్రము ప్రమాదము. గుమస్తా మరచిపోయిన లాటు ఎవరి కంటను పడకుండ జారిపోవును.

ఒక్క బస్తాయు లేని లాటును సైతము ఫలితములో చూడగోరినచో, మామూలు జతకు బదులు ఎడమవైపు పట్టికలోని వరుసలన్నిటిని నిలుపు లెఫ్ట్ జాయిన్ అను జతను వాడవలెను. అప్పుడు మన ఉదాహరణములో పదికి బదులు పదునొకండు వరుసలు వచ్చును. నాలుగవ లాటుకడ క్రమసంఖ్య ఖాళీగా నుండును. చీటీలు ముద్రించుటకు ఇది పనికిరాదు గాని రానిసరకును, వ్రాయనిగడిని కనిపెట్టుటకు మిక్కిలి ఉపయోగపడును.

8. ఒక అనుభవము

ఈ విషయమును నేను పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. తప్పు చేసి నేర్చుకొంటిని. ఒకప్పుడు తుపాను వెలిసిన పిమ్మట ఒక తీరగ్రామమున మనిషికొక చీటి చొప్పున బియ్యము పంచవలసివచ్చెను. కుటుంబముల పట్టిక సిద్ధము చేయు పని నాకు అప్పగింపబడెను. నలువది కుటుంబములు, ఒక్కొక్క వరుసలో కుటుంబపు పెద్ద పేరును, మనుష్యుల సంఖ్యయు వ్రాసితిని. ఎనిమిదికి మించినవారు ఒక యింట నుండరని తలచి 1 మొదలు 8 వరకు మాత్రమే సంఖ్యల పట్టికను చేసితిని. క్వెరీ క్షణములో నడచెను. చీటీలు అచ్చయినవి. కంప్యూటరు ఎట్టి తప్పును చూపలేదు.

మరునాడు వరుసలో నిలువబడిన ఒక ముసలమ్మ ముగ్గురు పిల్లల చేతులు పట్టుకొని నా యొద్దకు వచ్చి, "అయ్యవారూ, మా ఇంట్లో పదకొండుమందిమి. చీటీలు ఎనిమిదే వచ్చినయ్. ఈ ముగ్గుర్నీ ఎక్కడ రాశారు?" అని అడిగెను. నా పట్టికలో ఆ యింటికెదురుగ 11 అని స్పష్టముగా నున్నది. నేను వ్రాసిన అంకె సరియే. దానిని చదువవలసిన సంఖ్యల పట్టికయే ఎనిమిదికడ ఆగిపోయినది. వెదకగా తొమ్మండుగురున్న మరియొక యిల్లు కూడ కనబడెను. మనుష్యులు మొత్తము 187 మంది, చీటీలు 183. నలుగురు మనుష్యులు నా పొరపాటువలన కాగితముమీద లేకుండపోయిరి. ఆ యింటివారు అడుగకున్నచో వారి సంగతి నాకెన్నటికిని తెలియదు.

చీటీలు అచ్చువేయకముందు రెండు మొత్తములను ప్రక్కప్రక్కన పెట్టి చూచియుండినచో ఇది ముందే బయటపడెడిది. ఆనాటినుండి నేనొక నియమము పెట్టుకొంటిని: వరుసలు విస్తరించిన ప్రతిసారియు, ఫలితములోని వరుసల సంఖ్య మూలపట్టికలోని ఆ గడి మొత్తముతో సమానమో కాదో చూడకుండ ముందుకు పోరాదు. పునరావృత్త క్వెరీ హద్దు దాటినచో కేకవేసి ఆగును. సంఖ్యల పట్టిక చాలకున్నచో మాత్రము మౌనముగా నుండును. మౌనముగా నుండు తప్పే పెద్దతప్పు.

9. బరువుల విషయమున జాగ్రత్త

వరుసతోపాటు దానిలోని తక్కిన గడులు కూడ మరల వ్రాయబడును. మూడు ప్రత్తిబేళ్ల లాటులో మొత్తము బరువు 510 కిలోలని యున్నదనుకొనుడు (మనదేశమున బేలు ప్రమాణము 170 కిలోలు). మూడు వరుసలైన పిమ్మట ప్రతి వరుసలోను 510 అనియే యుండును. ఆ గడిని కూడినచో 1530 కిలోలగును! లేని ప్రత్తి పుట్టినది. కావున మొత్తములను విస్తరింపకముందే కూడవలెను, లేదా బస్తాల సంఖ్యచే భాగించి వ్రాయవలెను.

భాగించుటయు ఎల్లప్పుడు సత్యము కాదు. మూడు మిరపబస్తాలు కలిసి 128 కిలోలు తూగినచో ఒక్కొక్కటి 42 కిలోల 667 గ్రాములని కాగితము చెప్పును. త్రాసు మాత్రము ఒకటి 41 అనియు, ఒకటి 45 అనియు, ఒకటి 42 అనియు చెప్పవచ్చును. వరుసను మరల వ్రాయుటవలన స్థలము ఏర్పడును గాని జ్ఞానము ఏర్పడదు. చీటి కట్టిన పిమ్మట ప్రతి బస్తాను తూచి, దాని బరువును దాని వరుసలో వ్రాయవలెను. ఒంగోలు పొగాకు వేలములలో బేలుకు బేలు వేరుగ తూచి, వేరుగ ధర కట్టుట ఇందుకే.

10. ముగింపు

విద్యార్థులారా! మూడు మార్గములను చూచితిమి. మూడింటియందును చేయు పని ఒక్కటే: మొత్తముగా చెప్పబడినదానిని ఒక్కొక్కటిగా నిలువబెట్టుట. మొత్తములు ఏలువారికి సులభము; తక్కువపడినది ఎవరో తెలిసికొనుటకు మాత్రము ఒక్కొక్కటి కావలెను. మీలో కొందరు ముందు కార్యాలయములలో, సహకార సంఘములలో, ఆసుపత్రులలో పట్టికలు వ్రాయువారగుదురు. అప్పుడు ఒక గడిలో 11 అని కనబడినచో, దాని వెనుక పదునొకండుగురు నిలుచున్నారని తలంచి, పదునొకండు వరుసలు వచ్చినవో లేదో ఒక్కమారు లెక్కింపుడు.

అభ్యాసములు

1. నాలుగు లాట్లలో వరుసగా 5, 0, 2, 7 బస్తాలున్నవి. సంఖ్యల పట్టిక కనీసము ఎంతవరకు ఉండవలెను? అప్పుడు జతలెన్ని? నిలుచునవి ఎన్ని?

2. తూర్పుతీరమున మరపడవలకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేటనిషేధము. మొదలుతేదీ, చివరితేదీ గల ఒక వరుసను రోజునకొక వరుసగా విస్తరించినచో ఎన్ని వరుసలు వచ్చును? చివరితేదీనుండి మొదలుతేదీని తీసివేసిన సంఖ్యకును దీనికిని భేదమేమి?

3. సంఖ్యల పట్టిక 4 వరకే యున్నది. లాట్లలో 3, 6, 4, 9 బస్తాలున్నవి. ఎన్ని చీటీలు తక్కువపడును?

ఉత్తరములు: (1) 7 వరకు, 28 జతలు, 14 నిలుచును. (2) ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14, మొత్తము 61. తీసివేతలో 60 మాత్రమే వచ్చును. రెండు కొనలను లెక్కింపవలెను గనుక ఒకటి కలుపవలెను. (3) రావలసినవి 22; వచ్చునవి 3 + 4 + 4 + 4 = 15; తక్కువపడునవి 7.